జలదోష నిర్ణయమున సముద్రజీవుల పిల్లలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



కౌటిల్యుని అర్థశాస్త్రమున, రాజు భోజనమునకు కూర్చుండుటకు ముందు తీసికొనవలసిన జాగ్రత్తలు వ్రాయబడియున్నవి. వంటకమునుండి కొంత తీసి ముందుగ అగ్నికిని, పిదప పక్షులకును వేయవలెను. విషమున్నచో మంటయు పొగయు నీలవర్ణము దాల్చును. తిన్న పక్షులు చచ్చును. అంతియ కాదు. విషము దాపునకు వచ్చినంతనే క్రౌంచపక్షి మత్తెక్కి తూలుననియు, చకోరము కన్నుల రంగు మారుననియు, కోకిల ప్రాణము విడుచుననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. చిరకాలము మరుగుపడియున్న ఈ గ్రంథము మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున దొరకిన తాళపత్రములనుండి శామశాస్త్రిగారి పరిష్కరణమున 1909లో అచ్చుపడినది. గ్రంథాలయము చేయు మేలునకు ఇంతకంటె నిదర్శనము వెదుకనక్కరలేదు. చకోరము కన్ను నిజముగ రంగు మారునా కాదా యను సంగతి పక్షిశాస్త్రజ్ఞులు తేల్చుకొందురు గాక. ఆ మాటలోని యుక్తి మాత్రము గట్టిది. మనుష్యుని నాలుకకు తెలియని విషము అతనికంటె సుకుమారమైన ప్రాణికి ముందు తెలియును.

భాగవతమున కాళియుని మడుగు కథ అందరెరిగినదే. ఆ నీటిలో విషమున్నదని ఎవరును కొలిచి చెప్పలేదు. మీదుగా ఎగిరిన పక్షులు రాలిపడెను, గట్టునున్న చెట్లు మాడిపోయెను, నీరు త్రాగిన ఆవులును గోపబాలురును ఒడ్డున పడిపోయిరి. నీటి దోషమునకు సాక్ష్యము చెప్పినవి ప్రాణులే.

నేటి శాస్త్రజ్ఞులు సముద్రజలమును, సముద్రములో కలియు మురుగునీటిని పరీక్షించుటకు ఇదే యుక్తిని పట్టిరి. అయితే వారు చకోరమును పెంచలేదు. ఆలిచిప్పలు, రొయ్యలు, సీ అర్చినులు మొదలగు వెన్నెముక లేని సముద్రజీవుల పసిదశను సాక్షిగ పిలిచిరి. గ్రుడ్డునుండి వెలువడి, తల్లి రూపము ఇంకను రాని ఆ పిల్లదశకు డింభకమని పేరు. దివిసీమవంటి ప్రదేశమునకు ఈ విద్యతో ఏమి సంబంధమని ఎవరైన అడుగవచ్చును. సంబంధము చాల దగ్గరిది.

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలై, దివిసీమను నడుమ నుంచుకొని సముద్రమునకు పోవుచున్నది. మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పొలములను తడిపిన నీరు మురుగుకాలువల వెంట దిగి ఉప్పుటేళ్ళలోను, మడ అడవులలోను చేరి తుదకు కడలిలో కలియును. ఆ నీటితోపాటు పొలమున చల్లిన మందు కొంత, చెరువులనుండి వదలిన మురుగు కొంత, ఊళ్ళ మురుగు కొంత దిగును. అదే దారిని ఎదురుగా వచ్చునవి రొయ్యపిల్లలు. టైగరు రొయ్య తల్లి సముద్రములో గ్రుడ్లు పెట్టును. ఒక్క కాన్పునకు కొన్ని లక్షలు. అవి పగిలి పిల్లలై, కొంత ఎదిగిన పిదప ఉప్పుటేళ్ళలోనికి వచ్చి మడచెట్ల వేళ్ళ నడుమ పెరుగును. మండపీత తల్లియు గ్రుడ్లు విడుచుటకు సముద్రమునకే పోవును, దాని పిల్లలును తిరిగి ఏటికే రావలెను. కనుక మురుగుకాలువ నోరు వాటి ఇంటి గుమ్మమే యగును. ఆ గుమ్మమున విషముండెనా లేదా యనునది బెస్తవాని వలకును, చెరువు రైతు పెట్టుబడికిని, గంపనెత్తుకొని సంతకు పోవు స్త్రీల కూలికిని సంబంధించిన ప్రశ్న.

పిల్లదశనే ఎందుకు ఎన్నుకొనవలెనను సందేహమునకు సమాధానము రాగి లెక్కలో కలదు. ఎదిగిన ఆలిచిప్ప నీటిలోని రాగిని ఒంటిలో చేర్చుకొని, మాంసము పచ్చబడినను బ్రతికియే యుండును. అట్టి పచ్చని చిప్పలను ఐరోపావారు చాలకాలము క్రిందటనే చూచిరి. ఆ చిప్పను సాక్షిగ అడిగిన నీరు మంచిదే యని చెప్పును. కాని దాని పిల్లను అడిగిన సమాధానము వేరు. 1981లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు పసిఫిక్ ఆలిచిప్ప పిండములను రాగి కలిపిన సముద్రజలములో పెంచిచూచిరి. లీటరు నీటిలో రాగి సుమారు 5.3 మైక్రోగ్రాములున్నంతనే సగము పిల్లలు సరియైన ఆకారము దాల్చలేకపోయినవి. మస్సెల్ అను నల్లచిప్పకు ఆ లెక్క 5.8. మైక్రోగ్రామనగా గ్రాములో 10 లక్షలవ వంతు.

ఈ అంకెను మన వాడుకలోని వస్తువుతో పోల్చిచూచిన బాగుగ తెలియును. మైలుతుత్తము అందరింటను ఎరిగినదే. నాచు పోవుటకును, నత్తలు చచ్చుటకును, తెగుళ్ళకును దానిని వాడుదురు. ఆ తుత్తమున నాలుగవ వంతు రాగి. కిలో తుత్తములో రాగి 250 గ్రాములు. లీటరుకు 5 మైక్రోగ్రాముల చొప్పున పంచిన, ఆ 250 గ్రాములు 5 కోట్ల లీటర్ల నీటికి సరిపోవును. ఎకరము చెరువులో మీటరు లోతు నీరు సుమారు 40 లక్షల లీటర్లు. అనగా ఒక్క కిలో తుత్తము 12 ఎకరముల నీటిని ఆలిచిప్ప పిల్లకు పనికిరాని హద్దునకు తేగలదు. ఇది స్వచ్ఛమైన సముద్రజలములో, ప్రయోగశాలలో కట్టిన లెక్క యని మరువరాదు. బురదయు, కుళ్ళిన ఆకును ఉన్న నీటిలో రాగి చాలవరకు వాటికి అంటుకొని విషము తగ్గును. ఎంత తగ్గునో కాగితముమీద గుణించి చెప్పుట కష్టము. ఆ నీటినే తెచ్చి, అందు పిల్లలను విడిచి చూడవలెను. పరీక్ష అవసరమైనది అందులకే.

పిల్లకు అంత సౌకుమార్య మేల వచ్చినదన్నచో, ఆ దశలో దానికి కవచము లేదు. గ్రుడ్డు ఫలించిన గడియనుండి కణము రెండై, నాలుగై, ఎనిమిదై చీలుచు, ఏ కణమెక్కడ ఉండవలెనో అక్కడికి చేరుచు, ఒకటి రెండు దినములలో ఒక జీవి సిద్ధమగును. ఆలిచిప్ప విషయములో 24 నుండి 48 గంటలలో తొలి చిప్ప ఏర్పడి, పిల్ల అర్ధచంద్రాకారమున కనబడును. ఈ నిర్మాణమున ఏ మెట్టు తప్పినను ఆకారము చెడును. రొయ్య దారి మరియొకటి. గ్రుడ్డునుండి వెలువడిన నాప్లియస్ దశలో ఆరు మార్పులు, జోయియా దశలో మూడు, మైసిస్ దశలో మూడు. ఇంచుమించు 10, 12 దినములలో పన్నెండు మారులు అది చర్మము విడిచి క్రొత్తచర్మము తొడుగుకొనవలెను. చర్మము విడిచిన ప్రతి వేళయు దానికి గండమే.

ఇచ్చట వరిరైతు కొంచెము నిలిచి ఆలోచింపవలసిన సంగతి యున్నది. పురుగును, రొయ్యను, పీతను జంతుశాస్త్రము ఒకే మహావర్గమున చేర్చినది. కీళ్ళకాళ్ళు గల జీవులన్నియు దాయాదులు. పురుగు నరములను పట్టు మందు రొయ్య నరములను విడిచిపెట్టదు. సైపర్‌మెత్రిన్ వంటి మందులు మనుష్యునికంటె, పక్షికంటె రొయ్యజాతికి అనేకరెట్లు ఎక్కువ ప్రమాదకరములని తేలినది. ఎండోసల్ఫాన్ చేపలకును రొయ్యలకును ప్రాణాంతకమని చాలకాలము తెలిసియు వాడుక సాగినది. 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగినది. సుడిదోమకు చల్లు బుప్రోఫెజిన్ పురుగు చర్మము విడుచు పనినే చెడగొట్టి చంపును. పన్నెండు మారులు చర్మము విడువవలసిన ప్రాణి కాలువ చివర కాచుకొనియుండగా, అట్టి మందు ఆ నీటిలో ఎంత దిగినదని అడుగుట న్యాయమైన ప్రశ్న.

వరిరైతునే తప్పుపట్టుట ధర్మము కాదు. చెరువులవారును నీటికి బాకీపడినవారే. 1980ల చివర కోస్తాలో రొయ్యల చెరువులు వెల్లువగా వచ్చినవి. 1994-95లో తెల్లమచ్చ రోగము వానిని ఊడ్చిపెట్టినది. ఆ పిదప రోగభయముచే చెరువులకును, హాచరీలకును బ్లీచింగు పౌడరు విరివిగ వాడుక యైనది. అందలి క్లోరిను రోగక్రిములను చంపును. విరుగుడు చేయక వదలిన, ఉప్పుటేటిలోని పసిజీవులనుగూడ అట్లే చంపును. ఉప్పునీరు పొలమునకు పారి వరి చచ్చినదని ఒకరు, పొలము మందు వచ్చి రొయ్య చచ్చినదని మరియొకరు, గట్టుమీద నిలిచి కేకలు వేసికొనుట ఈ ప్రాంతమున క్రొత్త కాదు. ఇరువురి చేతిలోను ఆధారముండదు. నీరు పారిపోవును, చచ్చిన రొయ్య కుళ్ళిపోవును, తగవు మిగులును.

తెల్లమచ్చ రోగము వైరస్ వలన వచ్చునది, విషము వలన కాదు. రోగము వచ్చినపుడు నీటిని తిట్టుట, నీరు చెడినపుడు సీడును తిట్టుట రెండును కలవు. ఆ రెంటిని విడదీయుటకు ఆరోగ్యమైన పిల్లలను ఆ నీటిలో విడిచి చూచుటకంటె సులభోపాయము లేదు.

ఇక పరీక్ష చేయు విధము. సీ అర్చిననునది బంతివలె గుండ్రమై ఒళ్ళంతయు ముండ్లు గల ప్రాణి. దాని గ్రుడ్డు పారదర్శకమగుటచే లోపల జరుగునది సూక్ష్మదర్శినిలో కన్నులకు కట్టినట్లుండును. జర్మను పండితుడు ఆస్కార్ హెర్ట్‌విగ్ 1876లో ప్రకటించిన గర్భధారణ రహస్యము ఈ గ్రుడ్డు చూచి గ్రహించినదే. 1892లో కర్ట్ హెర్బ్‌స్ట్ సముద్రజలమున లిథియము లవణము కలిపి చూడగా, లోపలికి ముడుచుకొనవలసిన ప్రేగు వెలుపలికి పొడుచుకొనివచ్చి, పిల్లలు వికృతరూపము దాల్చినవి. నీటిలోని పదార్థము పిల్ల ఆకారమును మార్చునని అంతకంటె స్పష్టముగ చూపుట సాధ్యము కాదు. అయినను హెర్బ్‌స్ట్ వెదకినది పిండోత్పత్తి రహస్యమును. మురుగునీటి మాట ఆయన తలపున లేదు. జపానులో కోబయాషి అను శాస్త్రజ్ఞుడు 1971లో ఫలించిన సీ అర్చిన్ గ్రుడ్లను సముద్రకాలుష్యమునకు కొలబద్దగా నిలిపెను. ఆ దశాబ్దముననే అమెరికా పడమటి తీరమున ఆలిచిప్ప పిండములతో ఇట్టి పరీక్ష వాడుకలోనికి వచ్చినది.

ప్రయోగశాలలో తల్లి చిప్పలను కొంచెము వేడినీటిలో ఉంచిన గ్రుడ్లను, వీర్యమును విడుచును. రెంటిని కలిపి, ఫలించిన గ్రుడ్లను లెక్కప్రకారము చిన్నపాత్రలలో పోయుదురు. ఒక పాత్రలో శుద్ధమైన సముద్రజలమే. దానిని అదుపుపాత్ర యందురు. మిగిలిన వానిలో అనుమానపు నీరు క్రమముగ పలుచన చేసి ఉంతురు. ఒకదానిలో నూటికి నూరుపాళ్ళు, తరువాత 50, 25, 12.5, 6.25 చొప్పున. ప్రతి మెట్టునకు మూడు నాలుగు పాత్రలుండవలెను. ఒక్క పాత్రను నమ్మినవాడు మోసపోవును. రెండు దినముల పిమ్మట కొంచెము ఫార్మలిను చుక్క వేసి పిల్లలను నిలిపి, సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటే లెక్కించెదరు. అర్ధచంద్రాకారమున నున్నవి ఎన్ని, వంకరపోయినవి ఎన్ని, గ్రుడ్డుగానే ఆగిపోయినవి ఎన్ని. అన్నమున మెతుకు పట్టిచూచుట ఇచ్చట చాలదు. నూరేసి, ఇన్నూరేసి చొప్పున చూడవలసినదే.

ఒక ఊహించిన లెక్క చెప్పిన సుబోధకమగును. అదుపుపాత్రలో నూటికి 92 పిల్లలు సరిగా నున్నవనుకొనుడు. ఆరుపాళ్ళ మురుగున్న పాత్రలో 90. పన్నెండుపాళ్ళ దానిలో 81. ఇరువదియైదుపాళ్ళ దానిలో 47. సగము మురుగైన దానిలో 8. పూర్తిమురుగులో ఒక్కటియు లేదు. అపుడు సుమారు నాలుగింట ఒక పాలు మురుగున్న నీరు సగము పిల్లలను చెరచుచున్నదని తేలినది. హాని కనబడకుండవలెనన్న దానిని పదియారు రెట్లు పలుచన చేయవలెను. రసాయనశాస్త్రము తెలియనివాడును ఈ లెక్క చదువగలడు. అదుపుపాత్రలోనే పిల్లలు విస్తారముగ చెడినచో, ఆనాటి పరీక్ష చెల్లదు. పద్దు కొట్టివేసి మరల చేయవలెను. ఆ నియమము లేనివానికి ఈ పని అప్పగింపరాదు.

మోసపోవు చోట్లు మరికొన్ని కలవు. సముద్రపు పిల్ల మంచినీటిలో విషము లేకయే చచ్చును. కావున కాలువనీటిని పరీక్షింపదలచిన ముందుగ ఉప్పుపాలు సరిచేయవలెను. గుర్రపుడెక్క కుళ్ళిన మురుగుకాలువలో ప్రాణవాయువు తక్కువ. ఊపిరాడక చచ్చినదానిని విషమువలన చచ్చినదని వ్రాయరాదు. గాలి పట్టించి, ప్రాణవాయువు కొలిచి, పిమ్మట పిల్లలను విడువవలెను. సీసా శుభ్రమైన గాజుసీసాయై, నీడను, మంచుగడ్డలో ప్రయాణము చేసి, ఆలస్యము లేక పరీక్షకు చేరవలెను. వీటిలో ఏది తప్పినను వచ్చు అంకె ఎంత చక్కగ వ్రాసినను దొంగలెక్కయే.

ఇట్టి పరీక్షకు ఒక లోపము పుట్టుకతోనే యున్నది. నీటిలో విషమున్నదని చెప్పును గాని, ఏ విషమో చెప్పదు. రసాయనశాల పని దీనికి విపర్యయము. పాదరసము ఎంత, సీసము ఎంత, ఫలానా మందు ఎంత యని అడిగినదానికి జవాబు చెప్పును. అడుగనిదానిని గూర్చి పలుకదు. వందలకొలది మందులు, వాటి విరుగుళ్ళు, అవి ఒకదానితోనొకటి కలిసినపుడు కలుగు చేటు, ఇన్నిటిని అడుగుటకు ఎవరికిని శక్తి చాలదు. అందుచే ముందు పిల్లలను అడిగి, అవి చెడిన చోట రసాయనశాలను అడుగుట సరియైన వరుస. ఖర్చు తగ్గు వరుసయు అదియే.

పిల్లల సాక్ష్యమును పెడచెవిని బెట్టిన చోట ఏమి జరిగినదో ఫ్రాన్సుదేశపు ఆర్కషోన్ అఖాతము చెప్పును. ఆ అఖాతము ఆలిచిప్పల పెంపకమునకు ప్రసిద్ధి. 1977 మొదలు 1981 వరకు అచ్చట చిప్పపిల్లలు దొరకుట ఇంచుమించు ఆగిపోయినది. తల్లులు బ్రతికియున్నవి, గ్రుడ్లు పెట్టుచున్నవి, పిల్లలు మాత్రము కొలది దినములలో మాయమగుచున్నవి. ఎదిగిన చిప్పల పెంకులు పొరలుపొరలుగ ఉబ్బి వికారముగ మారినవి. విచారింపగా, విహారపు పడవల అడుగున గుల్లలు అంటకుండ పూయు రంగులోని ట్రైబ్యుటైల్‌టిన్ అను తగరపు విషము కారణమని తేలినది. అది లీటరుకు నానోగ్రాముల లెక్కలో, అనగా మైక్రోగ్రామున వెయ్యవ వంతు లెక్కలో, పనిచేయునది. 1982 జనవరిలో 25 మీటర్లకు తక్కువైన పడవలకు ఆ రంగును ఫ్రాన్సు నిషేధించినది. ఆ సంవత్సరముననే పిల్లలు మరల కనబడినవి. ప్రపంచదేశము లన్నియు కలిసి ఓడలకు దానిని మాన్పించుటకు ఒడంబడిక 2001లో కుదిరి, 2008లో గాని అమలునకు రాలేదు. ఆలిచిప్ప పిల్ల చెప్పిన మాట ఓడల యజమానుల చెవికెక్కుటకు ఇరువదియారేండ్లు పట్టినది.

తెలుగుదేశమున ఈ శాస్త్రమునకు దగ్గరి చరిత్ర విశాఖపట్టణమున కలదు. అచ్చటి లోపలి ఓడరేవు 1933లో తెరవబడినది. కాలక్రమమున నూనెశుద్ధి కర్మాగారము, ఎరువుల కర్మాగారము మొదలగునవి దాని చుట్టును లేచినవి. ఊరి మురుగును అందే దిగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రశాఖలో ఆచార్య పి. ఎన్. గణపతిగారును, ఎ. వి. రామన్‌గారును ఆ రేవు అడుగుబురదను జల్లించి, అందలి పురుగులను జాతులవారీగ లెక్కించిరి. 1983లో ప్రకటింపబడిన వారి వ్రాతలో ముఖ్యమైన సంగతి యేమనగా, కాలుష్యము హెచ్చైన చోట పలుజాతుల సందడి తగ్గి, కాపిటెల్లా కాపిటాటా అను సన్నని ఎర్రపురుగు ప్రబలినది. సముద్రపుటడుగున స్థిరనివాసమేర్పరచుకొను జీవులలో చాలవరకు డింభకములుగ ఈదులాడి వచ్చి, చోటు నచ్చిననే దిగునవి. ఇతర జాతుల పిల్లలు దిగలేని బురదలో ఈ మొండిపురుగు పిల్ల దిగును. గిన్నెలో చేయు పరీక్ష రెండు దినముల సాక్ష్యమైన, రేవు అడుగున నున్న పురుగుల లెక్క ఏండ్లతరబడి నడచిన పరీక్ష ఫలితము. రెండును ఒకదానికొకటి తోడు.

శాసనము సంగతి కొంత చెప్పవలెను. నీటికాలుష్య నివారణ చట్టము 1974లోను, పర్యావరణ పరిరక్షణ చట్టము 1986లోను వచ్చినవి. రెండవదానిక్రింది నియమములలో కర్మాగారపు మురుగునకు ప్రాణిపరీక్ష యొకటి చేర్చిరి. పలుచన చేయని మురుగులో చేపలను 96 గంటలుంచిన నూటికి 90 బ్రతుకవలెను. ప్రాణిని సాక్షిగ పిలిచినందులకు శాసనకర్తలను మెచ్చుకొనవలసినదే. కాని ఎన్నుకొన్న సాక్షి గట్టిపిండము. నాలుగు దినములు ఓర్చుకొన్న చేపలు ఆ నీటిలో పిల్లలను కనగలవని ఎవరును హామీ ఈయలేదు. సముద్రతీరమున వదలు మురుగునకైనను చేపతోపాటు ఆలిచిప్ప పిండమునో, రొయ్య జోయియానో విచారింపవలెనన్నది ఈ ప్రసంగమున సభ్యుల యెదుట ఉంచదలచిన ముఖ్యవిషయము. పిల్ల బ్రతికిన నీటిలో పెద్ద బ్రతుకును. పెద్ద బ్రతికిన నీటిలో పిల్ల బ్రతుకునని లేదు.

జీవహింస యని కొందరు శంకింతురు. ఆ శంక తేలికది కాదు. నోరులేని పసిప్రాణులను తెలిసి విషమున ముంచుట మనసునకు సుఖమైన పని కాదు. అయినను ఒక్క తల్లిచిప్ప విడుచు గ్రుడ్లు లక్షలు, కోట్లు. సముద్రములో వానిలో మిగులునవి ఏ కొద్దియో. పరీక్షకు కొన్ని వేలు చాలును. మురుగు పరీక్షలేక ఏటిలో పడిన దినమున నశించువాని లెక్క ఎవ్వరును వ్రాయరు. ఈ రెంటిలో ఏది ఎక్కువ హింసయో ఆలోచించుకొనవచ్చును. అవసరమునకు మించి ఒక్క పాత్రయు పెట్టరాదన్న నియమము మాత్రము ఉండవలసినదే.

పల్లెలో ఇట్టి పని సాగునా యన్నచో, కొంత ఇదివరకే సాగుచున్నది. తెలివైన చెరువు రైతు సీడు వదలుటకు ముందు చెరువులో చిన్న హాపావల కట్టి, అందు నూరో ఇన్నూరో పిల్లలను ఒకటి రెండు దినములుంచి, ఎన్ని బ్రతికినవో లెక్కించును. పేరు తెలియకపోయినను అది డింభకపరీక్షకు సోదరియే. అతడు చేయనిది ఒక్కటే: పక్కనే మంచినీటి తొట్టిలో మరి నూరింటిని ఉంచి పోల్చుట. ఆ ఒక్క తొట్టి చేర్చిన, సీడు చెడ్డదా నీరు చెడ్డదా యను తగవు సగము తీరును.

హాచరీలలో పిల్లలకు మేతగ వాడు ఆర్టీమియా గ్రుడ్లు డబ్బాలలో వచ్చును. ఉప్పుసరస్సులలో పుట్టు ఒక చిన్నజీవి గ్రుడ్లవి; అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ వానికి పేరుపొందినది. పొడిగ నుంచిన ఏండ్లతరబడి చెడవు. ఉప్పునీటిలో వేసి గాలి పట్టించిన, మన యెండలలో ఒక దినమునకే పిల్లలగును. వెలుగు చూచిన అటు పరుగెత్తును గనుక దీపము పెట్టి ఒకచోటికి చేర్చవచ్చును. 1956లోనే అమెరికావారు పురుగుమందుల జాడ పట్టుటకు ఈ పిల్లను వాడవచ్చునని ప్రకటించిరి. అది ఆలిచిప్ప పిల్లకంటె మొండిది. అది బ్రతికినంత మాత్రమున నీరు నిర్దోషమని తీర్పు చెప్పరాదు. అది చచ్చినచో మాత్రము సందేహమునకు తావులేదు. కావలసినవి గాజుగిన్నెలు, ఉప్పు కొలుచు సాధనము, భూతద్దము. ఉన్నతపాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుల కనుసన్నల చేయదగిన పని.

అట్లు చేసిన లెక్కకు ఒక పుస్తకము కావలెను. ఏ కాలువ, ఏ తేది, ఏ వేళ, పోటా పాటా, పై పొలములలో ఆ వారము ఏమి చల్లిరి, ఏ చెరువు నీరు వదలిరి, ఉప్పు ఎంత, అదుపుగిన్నెలో ఎన్ని బ్రతికినవి, మురుగుగిన్నెలో ఎన్ని. పది గడుల పుస్తకము చాలును. దానిని వరిరైతు ఇంటను గాని, చెరువు రైతు ఇంటను గాని ఉంచినచో రెండవవారు నమ్మరు. ఇరుపక్షములవారును వచ్చి కూర్చుండి, ఎవరి అనుమతియు లేక తెరచి చదువుకొను చోటు ఊరిలో గ్రంథాలయ మొక్కటియే. మొదటి సీసా కాలువలకు నీరు వదలిన క్రొత్తలో, ఊడ్పులకు ముందు నింపవలెను. రెండవది సెప్టెంబరు, అక్టోబరు నెలలలో దోమమందు చల్లిన మరునాడు. మూడవది చెరువులు పట్టుబడి చేసి నీరు వదలు దినమున, మురుగు ఉప్పుటేటిలో కలియు చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి.